ఉత్తరేణి మౌనం

ఆ శనివారానికి డాలీ వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరింటికి లేవడం, ఏడింటికల్లా వెదురు కొమ్ముల కూర దించేయడం, ఎనిమిదింటికి వాకిలి కడగడం, పదింటికి పెళ్లిలో అత్తగారు పెట్టిన మామిడిచిగురు రంగు చీర కట్టుకోవడం, పదకొండున్నరకు గుమ్మంలో నిలబడి "వందనాలు అత్తయ్యా" అనడం. ఈ చివరిదాన్ని అద్దం ముందు నాలుగు రకాలుగా సాధన చేసి, మరీ వంగిపోకుండా, మరీ నిటారుగా లేకుండా ఉన్న మూడో రకాన్ని ఖాయం చేసుకుంది.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం నవంబరు నెల. అత్తగారు తెరిసమ్మ బొర్రా నుంచి పాసింజరు బండిలో అరకు వచ్చి, అక్కడ జీపెక్కి పనసపుట్టు చేరాలి. కొడుకు కాపురం చూడడానికి రావడం అదే మొదటిసారి. పెళ్లినాడు అక్షింతల పళ్లెం కింద పెట్టకముందే ఆవిడ కోడలికి ఒక మాట చెప్పి ఉంచింది.

"మూడు వారాలు సూస్తానమ్మాయ్. కొండమీద కాపురమంటే విశాఖపట్నంలో పుస్తకాలు సదివినట్టు కాదు. నీవల్ల కాదనిపిస్తే మొగమాటం ఏటి నేదు, ఇద్దర్నీ బొర్రా తీసుకుపోతాను. నతానియేలు రైల్లో తిరిగి బడి సెప్పుకుంటాడు."

మూడు వారాలు ఆ రోజుతో నిండాయి.

ఆ ఇల్లంటే డాలీకి ప్రాణం. మిషను బడివాళ్లు మేస్టారికిచ్చిన రెండు గదుల రేకుల ఇల్లు. తెల్లవారాక మంచు కరిగి రేకు అంచు నుంచి టప్పు టప్పున కారుతుంటే, మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకే దుప్పట్లో కూర్చుని ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెట్టేవారు. ఆ లెక్క ఒక్కనాడూ తేలలేదు. వంటగది కిటికీలోంచి చూస్తే కొండవాలు నిండా వలిసెపూలు. ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాచినప్పుడల్లా అంత పసుపు కంటబడే వంటగది ఇంకెక్కడ దొరుకుతుంది? వీధి తలుపు గడియ సరిగ్గా పడదు. పడాలంటే ఒకరు తలుపు ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకరు వెయ్యాలి. కొత్త దంపతులకు అంతకన్నా మంచి గడియ ఉండదని డాలీ నమ్మకం. ఆ ఇల్లు వదిలి, అత్తగారింట్లో ముందుగదిలో, పట్టాలమీద గూడ్సుబళ్ల చప్పుడు వింటూ కాపురం చేయడమనే ఊహ వస్తేనే ఆమెకు అన్నం దిగేది కాదు.

అందుకే మూడు రోజులుగా నడుం వాల్చకుండా పని చేసింది. గోడలకు సున్నం కొట్టింది. వాకిట్లో మోకాలెత్తు పెరిగిన పిచ్చిమొక్కలన్నీ వేళ్లతో సహా పీకి, నేలను గుండు చేయించిన తలలా నున్నగా తేల్చింది. ఇక మిగిలిందల్లా చూరు కింద కందిరీగల పట్టు. అరచేయంత ఉంది. సరిగ్గా గుమ్మానికి పైన, అత్తగారు తలెత్తితే ముందు దానికే నమస్కారం పెట్టాల్సిన చోట.

"దాని సంగతి నాకొదిలెయ్యి," అన్నాడు నతానియేల్. "బొర్రా గుహల దగ్గర చిన్నప్పుడు ఇలాంటివి ఎన్ని దులిపానో."

"తలకి దుప్పటి చుట్టుకోండి."

"కందిరీగలకి దుప్పటెందుకే?"

భార్య గుమ్మంలో నిలబడి చూస్తుండగా తలకు దుప్పటి చుట్టుకుని యుద్ధానికి వెళ్లే కొత్త పెళ్లికొడుకు ఈ భూమ్మీద లేడు. డాలీ చీపురు అందించింది. ఒక్కటే దెబ్బ. పట్టు కిందపడి దొర్లింది. నతానియేల్ వెనక్కి తిరిగి, భార్య వైపు చూసి, విజయం నిండిన చిరునవ్వు ఒకటి విసిరాడు. ఆ చిరునవ్వు మీదే రెండు కందిరీగలు వాలాయి. మూడోదానికి చోటు దొరక్క కనుబొమ్మతో సరిపెట్టుకుంది.

అయిదు నిమిషాల్లో పైపెదవి బూరెలా పొంగి ముక్కును అందుకుంది. కింది పెదవి దానికి తోడు వెళ్లింది. కుడికన్ను మూసుకుపోయింది.

"మ్మ్ మ్మ్మ్," అన్నాడు నతానియేల్.

అది "నాకేం పర్వాలేదు" అని డాలీకి అర్థమైంది. ఇరవై ఒక్క రోజుల్లో భర్తను అంతగా అర్థం చేసుకున్నందుకు ఆ కంగారులోనూ ఆమెకు కాస్త గర్వం కలిగింది.

బడిలో మందుల పెట్టె ఉంది. దాని తాళంచెవి విశాఖపట్నం వెళ్లిన హెడ్మాస్టరు జేబులో ఉంది. డాలీ బామ్మ కందిరీగ కుడితే పసుపు పెట్టేది. అమ్మ సున్నం పెట్టేది. ఇద్దరిలో ఎవరిని చిన్నబుచ్చాలో తెలియక డాలీ రెండూ పెట్టింది. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో దిష్టినీళ్లు తీసే ప్రతి ఇంట్లోనూ చిన్నపిల్లలకు సైతం తెలుసు. కెమిస్ట్రీ రెండో సబ్జెక్టుగా బి.ఎస్సీ. చదివిన డాలీకి మాత్రం భర్త ముఖం నెత్తురోడుతున్నట్టు ఎర్రగా మారాకే గుర్తొచ్చింది. తుడిచేకొద్దీ ఆ ఎరుపు చెంపలకూ గడ్డానికీ పాకింది.

గడియారం ఎనిమిది కొట్టింది. మూడున్నర గంటల్లో ఆ మూతి మామూలు మూతి కావాలి. కాకపోతే తెరిసమ్మ గుమ్మం దాటకుండానే "సామాను కట్టండి" అంటుంది.

డాలీ తలుపు పక్క కొక్కేనికి వేలాడుతున్న సంచీ అందుకుని పెరటి దారిన పరుగెత్తింది. అది పెళ్లికి కొన్న నీలం రంగు ఎయిర్‌బ్యాగు అని ఆమె గమనించలేదు.

సోములమ్మ ఇల్లు ఊరి చివర ఉంది. తేలు కుట్టినా, జెర్రి పాకినా, గొంగళి పురుగు రాసుకున్నా పనసపుట్టు వాళ్లకు ఆమె గుమ్మమే ఆసుపత్రి. అరుగు మీద సామలు చెరుగుతూ, డాలీని చూసి చేట ఆపలేదు.

"ఏటే గుంటా, మేస్టారి మూతి వాచీసినాదా?"

"మీకెలా తెలుసు?"

"పట్టు దులిపిన సప్పుడు ఇనిపించినాది. ఎనకాల మేస్టారి సప్పుడూ ఇనిపించినాది." చేట పక్కన పెట్టింది. "ఉత్తరేణి ఆకు నలిపి రాయి. పసరు దిగేదాకా రాయాల. మజ్జానానికి తగ్గుద్ది."

ఉత్తరేణి. డాలీ కళ్లముందు కాలేజీ రికార్డు బుక్కు తెరుచుకుంది. అకిరాంథెస్ ఆస్పెరా. పొడుగాటి కంకి, కిందికి వంగిన గింజలు, బట్టలకు అంటుకునే గుణం. బొమ్మ గీసి పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్న మొక్క.

"అది ఎక్కడ దొరుకుతుందమ్మా?"

"మీ వాకిట్లోనే గదేటి. మోకాలెత్తుంది."

డాలీ ఆ మొక్కలు పీకిన తన చేతులను చూసుకుంది. "ఉండేది," అంది మెల్లిగా.

"పీకీసినావా?"

"అత్తయ్య వస్తున్నారని."

"అత్తొస్తాదని మందులకొట్టు కూలగొట్టుకున్నావు. సరే, గెడ్డ ఒడ్డున సంతబాట పక్కన ఉన్నాది, ఎల్లు. నీ సేత్తో నువ్వే కోయాల. ఎవులి కన్నూ పడకూడదు. కోసినకాడ్నుంచి రాసినదాకా నోరిప్పకూడదు. దార్లో మాటాడినావంటే మందు సారం మాటతో పోద్ది."

"మా పాస్టరుగారు ఎదురైతేనో?"

"దండమెట్టు. మాట నేదు."

"పోనీ, ఊఁ అనొచ్చా?"

"ఊఁ అంటే ఆ తర్వాత ఏటని అడుగుతారు. ఒద్దు."

డాలీలోని బి.ఎస్సీ. నవ్వబోయింది. అయితే పరీక్షలో ప్రశ్న ఎవరిస్తే జవాబు వాళ్ల పద్ధతిలోనే రాయాలని ఆ బి.ఎస్సీ.నే నేర్పింది. పైగా ఇక్కడ వాచింది మామూలు మూతి కాదు. ఊరి కింద పారే గెడ్డ వైపు నడిచింది.

ఉత్తరేణి ఒడ్డంతా ఉంది. పెదవులు బిగించి, నాలుగు మొక్కలు పెరికి, ఎయిర్‌బ్యాగులో పెట్టి జిప్పు లాగింది. చీర కుచ్చిళ్ల నిండా గింజలు అంటుకున్నాయి. వాటిని దులుపుకునే తీరిక లేదు. కంగారులో పసుపు చేత్తో కళ్లు నులుముకోవడంతో కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. ఇలా ఏడుపు ముఖంతో, పెళ్లి సంచీతో, ఊళ్లోంచి బయటికి పోయే బాట మీద నిలబడి ఉన్న మేస్టారి భార్యను మొట్టమొదట చూసినవాడు పోలయ్య.

పనసపుట్టులో పోలయ్యకు రెండెకరాల కాఫీ తోట ఉంది. కానీ అతని అసలు పంట కబుర్లు.

"ఏటి మేస్టరమ్మా, సంచీతో బయల్దేరినావు?"

డాలీ తల అడ్డంగా ఊపింది.

"కన్నారింటికా?"

మళ్లీ ఊపింది.

"మేస్టారు ఏటైనా అన్నారేటి?"

డాలీ పెదవులు ఇంకా గట్టిగా బిగించి, కళ్లు తుడుచుకుని, దారిమ్మన్నట్టు చెయ్యి చూపింది. పోలయ్య దారి ఇచ్చాడు. ఆమె నాలుగడుగులు వేసేలోపే అతను అడ్డదారిన ఊళ్లోకి దౌడు తీశాడు. సంతకు మోసుకుపోతున్న అల్లపు గంపను గట్టుమీదే వదిలేశాడంటే, సంగతి ఎంత పెద్దదని అతనికి తోచిందో తెలుస్తుంది.

డాలీ ఇంకొంచెం నడిచేసరికి వెనక నుంచి తాతారావు జీపు వచ్చింది. లోపల పదహారుమంది, పైన ఆరుగురు. తాతారావు అలవాటుగా బ్రేకు వేశాడు. ముందు సీట్లో, ఒళ్లో అరిసెల డబ్బా పెట్టుకుని కూర్చున్నావిడను చూసి డాలీ గుండె గెడ్డలో పడింది.

తెరిసమ్మ. ఆవిడ ఎవరికీ చెప్పకుండా ముందు రోజే అరకు వచ్చి, తెలిసినవాళ్ల ఇంట్లో పడుకుని, మొదటి జీపెక్కేసింది. చెప్పి వెళితే తుడిచిన ఇల్లు కనబడుతుందిగానీ అసలు ఇల్లు కనబడదని ఆవిడ సిద్ధాంతం.

"డాలీ?" అంది తెరిసమ్మ.

డాలీ రెండు చేతులూ జోడించింది. సంచీ మెడలో గంటలా ఊగింది. అద్దం ముందు ఖాయం చేసుకున్న మూడో రకం వందనం గొంతులో సిద్ధంగా ఉంది. దాన్ని అక్కడే ఆపేసింది. జీపులో ఇరవై రెండుమంది ఆ వందనం కోసం ఎదురుచూశారు. అది రాలేదు.

"ఎక్కడికమ్మా ఈ సంచీతో?"

డాలీ ఊరి వైపు చూపింది. తర్వాత తన మూతి వైపు చూపి, బుగ్గలు రెండూ పూరించింది. చీపురుతో కొట్టినట్టు చెయ్యి పైకెత్తి ఊపింది. వేలిని గాలిలో గుండ్రంగా తిప్పి, పెదవి మీద పొడిచి, కన్ను మూసింది. కాలేజీ వార్షికోత్సవంలో మూకాభినయానికి ఆమెకు రెండో బహుమతి వచ్చింది. ఈసారి చూసినవాళ్లకు ఎవరికీ ఏమీ తెలియలేదు. అందువల్ల ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు.

"మేస్టారు మూతి వాచేలాగ కొట్టినాడంటన్నాది," అంది వెనక కూర్చున్న ముసలమ్మ.

"ఈవిడి మూతి బాగానే ఉంది కదా," అన్నాడు తాతారావు. "చీపురెత్తి ఈవిడే కొట్టినాదంటన్నాది."

"కన్ను కూడా పోనాదంటన్నాది," అని జీపు పైనుంచి ఎవరో సాయం పట్టారు.

తెరిసమ్మ ముఖం పాలిపోయింది. "ఎక్కు జీపు," అంది.

ఎక్కితే ఆ ఇరుకులో ఎవరో ఒకరు సంచీ విప్పి చూడక మానరు. ఎవరి కన్నూ పడకూడదు. పైగా జీపు కొండ చుట్టి వెళుతుంది, వలిసె చేలకు అడ్డం పడితే కాలిబాట సగమే. డాలీ ఇంకోసారి చేతులు జోడించి, గట్టు దూకి, నడుం లోతు పూలల్లో పరుగు లంకించుకుంది.

"అత్తని సూసి పారిపోతన్నాది," అంది ముసలమ్మ.

"తాతారావూ, బేగి పోనీ," అంది తెరిసమ్మ.

ఈలోగా పోలయ్య ఊరిపెద్ద భీముడి దగ్గరకు చేరిపోయాడు. పనసపుట్టులో ఒక కట్టుబాటు ఉంది. మొగుడూ పెళ్లాల మధ్య తగువొస్తే పెద్దలు ఆ ఇంటి ముందే కూర్చుని తేల్చాలి. తగువు సంగతి చెప్పినవాడు కోడిని తేవాలి. ఓడినవాళ్లు దాన్ని వండి పెద్దలకు పెట్టాలి. తీర్పు చెప్పకుండా పెద్దలు లేవకూడదు. పోలయ్య ఆవేశంలో తన పెరట్లో ఉన్న కోళ్లలోకెల్లా బలిసిన దాన్ని పట్టుకొచ్చాడు.

భీముడూ, మరో ముగ్గురు పెద్దలూ వచ్చేసరికి, నతానియేల్ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ముఖమంతా ఎరుపు. మూతి బూర. ఒక కన్ను లేదు. పక్కన చీపురు.

భీముడు యాభై ఏళ్లుగా తగువులు తీరుస్తున్న మనిషి. తొందరపడి ఎవరినీ ఏమీ అనడు. ముందు చీపురును చూశాడు. తర్వాత మేస్టారిని చూశాడు.

"ఈ సీపురుతోనేనా, బాబూ?"

నతానియేల్ తల ఊపాడు. చీపురుతోనే పట్టు దులిపాడు మరి.

"మేస్టరమ్మ సేతిలోదేనా?"

చీపురు ఇచ్చింది ఆమే. తల ఊపాడు.

"ఎన్ని తగిలినాయి?"

నతానియేల్ మూడు వేళ్లు చూపాడు. పెద్దలు నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. సంగతి ఎటో పోతోందని గ్రహించి నతానియేల్ లోపలికి వెళ్లి పలక తెచ్చి గబగబా రాశాడు. ఒంటికన్నుతో రాసిన అక్షరాలు ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. రాత్రిబడిలో మూడు నెలలు చదివిన పోలయ్య పలకను అటు తిప్పి, ఇటు తిప్పి, దూరం పెట్టి చూశాడు.

"ఏటి రాసినాడు?" అన్నాడు భీముడు.

"రాసింది తర్వాత సంగతి. ఆ సెయ్యి సూడు, ఎలాగ వణికిపోనాదో. బాగా బెదిరిపోనాడు," అని పోలయ్య పలకను సాక్ష్యంగా చంకలో పెట్టుకున్నాడు.

అప్పుడే జీపు వచ్చి ఆగింది. ఇంకా ముందుకు పోవలసినవాళ్లంతా తమ ఊళ్ల మాట మరిచిపోయి దిగారు. తెరిసమ్మ అందరినీ తోసుకుంటూ వచ్చి కొడుకు ముఖం చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"ఓరి నా తండ్రీ. ఎవులు సేసినార్రా ఇది?"

"మ్మ్ మ్మ్," అన్నాడు నతానియేల్.

"పెళ్లాం పేరు నోట పలకడు. అంత బయ్యం," అన్నాడు పోలయ్య.

పెరటి వైపు నుంచి డాలీ వచ్చింది. తల నిండా వలిసెపూల పుప్పొడి, చీర నిండా ఉత్తరేణి గింజలు, ఒక కాలికి చెప్పు లేదు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. సన్నికల్లు దగ్గర కూర్చుని, జనానికి వీపు తిప్పి, ఆకులు తీసి నూరడం మొదలుపెట్టింది.

తెరిసమ్మ వెళ్లి ఎదురుగా నిలబడింది. డాలీ నూరుతున్న ఆకు మీదికి కొంగు లాక్కుంది.

"అమ్మాయ్, నువ్వు నాకు వందనం సెప్పలేదని అడగట్లేదు. దార్లో నన్ను సూసి పరిగెత్తినావు, అదీ అడగట్లేదు. నా కొడుకుని ఏటి సేసినావో ఒక్క ముక్క సెప్పు. సెప్పకపోతే ఈ పూటే సామాను కట్టించి ఇద్దర్నీ బొర్రా పట్టుకుపోతాను. ఈ ఇంటికి తాళం వేసేస్తాను."

డాలీ చేయి ఆగింది. ఒక్క ముక్క చాలు. "కందిరీగలు" అంటే అయిపోతుంది. ఇల్లు దక్కుతుంది. రేకు చుక్కలూ, పసుపు కిటికీ, ఇద్దరు వేస్తేగాని పడని గడియా అన్నీ దక్కుతాయి. సన్నికల్లు నుంచి గుమ్మానికి ఆరడుగులు. ఆరడుగుల కోసం ఇంత పట్టుదల ఏమిటని బి.ఎస్సీ. అడిగింది. డాలీ తలెత్తి గుమ్మంలోకి చూసింది. ఆ ఎర్రటి ముఖంలో మిగిలిన ఒక్క కన్ను ఆమెనే చూస్తోంది. ఏమీ అడగడం లేదు. నమ్ముతోంది, అంతే.

డాలీ లేచి అత్తగారిని తప్పుకుని ఆరడుగులూ నడిచింది. పైపెదవికి రాసింది. కింది పెదవికి రాసింది. కనుబొమ్మకు రాసింది. పసరు చర్మంలోకి ఇంకేదాకా, సోములమ్మ చెప్పినట్టే, ఓపిగ్గా రాసింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

"వందనాలు అత్తయ్యా," అంది.

అది అద్దం ముందు సాధన చేసిన నాలుగింటిలో ఏదీ కాదు. ఆ తర్వాత తూము తలుపు ఎత్తేసినట్టు మాటలు వచ్చిపడ్డాయి. పట్టు, చిరునవ్వు, బామ్మ, అమ్మ, కెమిస్ట్రీ, ఉత్తరేణి, వాకిలి, పోలయ్య, జీపు, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పింది. చెప్పడం పూర్తయ్యేసరికి జనంలో సగంమంది చూరు వైపు చూస్తున్నారు. మిగతా సగం కాళ్ల కింద పడి ఉన్న కందిరీగల పట్టును చూసి వెనక్కి జరుగుతున్నారు.

"కతలు బాగానే అల్లుతాది," అంది జీపు ముసలమ్మ.

సందేహం అలా గాలిలో ఉండగానే సోములమ్మ కర్ర పట్టుకుని మెల్లిగా వచ్చింది. తిన్నగా నతానియేల్ దగ్గరకు వెళ్లి పెదవి నొక్కి చూసింది. వెనక్కి తిరిగి అందరినీ ఒక్కటే అడిగింది.

"దార్లో ఈ గుంట నోరిప్పినాదా?"

"నేదు," అన్నాడు పోలయ్య. "నేను మూడు మాట్లు అడిగినాను. ఉలుకూ నేదు, పలుకూ నేదు."

"జీపాపి అడిగినా సెప్పనేదు," అన్నాడు తాతారావు.

"సెయ్యి తిప్పినాది, బుగ్గలు పూరించినాది. మాట మాత్తరం నేదు," అంది ముసలమ్మ.

ఇంతసేపూ నేరంగా మోసుకొచ్చిన మాటలన్నీ నోట్లోంచి బయటపడేసరికి సాక్ష్యాలైపోయాయని అందరికీ ఒకేసారి అర్థమైంది. ఇక మిగిలింది తెరిసమ్మ. ఆవిడ కొడుకు మూతి మీది పసరును వేలితో తాకి చూసింది.

"నాక్కూడా వందనం సెప్పనేదు," అంది చివరికి. గొంతులో మొదటిసారి మెత్తదనం వినిపించింది. "ఇల్లు లాగేసుకుంటానన్నా నోరిప్పనేదు."

"అయితే మందు పనిసేస్తాది," అని సోములమ్మ అరుగు మీద కూర్చుంది.

పోలయ్య మెల్లిగా కోడి దగ్గరకు జరిగాడు. "తగువు నేదు గదా. దీన్ని పట్టుకుపోతాను."

"పెద్దలం కూకున్నాం," అన్నాడు భీముడు. "కూకున్నాక కోడి ఎనక్కి ఎల్లదు. తీర్పు సెప్పకుండా మేం లేవకూడదు. ఏదో ఒక తగువుండాల."

అందరూ దంపతుల వైపు ఆశగా చూశారు.

"మూడు వారాలైనాది గదా," అన్నాడు భీముడు. "ఏటీ నేదా? ఉప్పెక్కువైందనో, గురక పెడతాడనో?"

డాలీ నతానియేల్‌ను చూసింది. నతానియేల్ డాలీని చూశాడు. ఇద్దరూ నిజాయితీగానే వెతికారు. ఏమీ దొరకలేదు. నతానియేల్‌కు నవ్వొచ్చింది, నవ్వితే పెదవి లాగింది, దాంతో డాలీకి నవ్వొచ్చింది. పెద్దలు విసుగ్గా తలలు తిప్పుకున్నారు. ఎండ ఎక్కుతోంది. కోడి కూడా అసహనంగా కదిలింది.

అప్పుడు డాలీకి ధైర్యం వచ్చింది. గంటన్నర మౌనం తర్వాత మనిషికి వచ్చే ధైర్యం అది.

"తగువుంది పెద్దాయనా," అంది. "ఆయనతో కాదు. అత్తయ్యతో. నేను ఈ ఇంట్లో ఉండలేనని అత్తయ్య అంటున్నారు. ఉండగలనని నేనంటున్నాను."

తెరిసమ్మ ఉలిక్కిపడింది. పెద్దల ముఖాలు వెలిగిపోయాయి. భీముడు తలపాగా సర్దుకున్నాడు.

"సెప్పమ్మా తెరిసమ్మా. నీ మాట ఏటి?"

తెరిసమ్మ లేచి నిలబడింది. రైల్వే గ్యాంగుమన్ భార్యగా ముప్ఫై ఏళ్లు వరండాలో ఒంటరిగా ఎదురుచూసిన మనిషి. ఆవిడ వాదనకు బలం ఉంది.

"నా కోడలు మంచిదే. కానీ పట్నం గుంట. ఇక్కడ ఆసుపత్రి నేదు, రోడ్డు నేదు, వానొస్తే జీపు రాదు. కుట్టే పురుగులు కుడతాయి. ఈ పొద్దు మూతికి కుట్టినాది, రేపు ఇంకోటి. నా కొడుకు నాకొక్కడే. బయ్యమేసి అన్నాను, పంతం కొద్దీ కాదు."

భీముడు కోడలి వైపు తిరిగాడు. డాలీ ఏదో చెప్పబోయింది. అంతలో నతానియేల్ లేచాడు. పసరు పనితనమో, రెండు గంటలు గడిచిన మహిమో తెలియదుగానీ పైపెదవి ముక్కును వదిలి కొంచెం కిందికి దిగింది.

"అమ్మా," అన్నాడు, ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని బయటికి లాగుతూ. "కుట్టేవి బొర్రాలోనూ ఉన్నాయి. ఆకు తెచ్చే మనిషి ఇక్కడుంది."

పదకొండు మైళ్ల పరుగుకు సరిపడా బహుమతి ఆ ముక్కలో డాలీకి ముట్టింది. ఆమె నిజంగా పరుగెత్తింది అరమైలే.

పెద్దలు నలుగురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత భీముడు గొంతు సవరించుకున్నాడు.

"మాటాడితే ఇల్లు దక్కుద్దని తెలిసీ మాటాడనేదు. మొగుడి కోసం అత్తకి కోపమొచ్చినా ఓర్సుకున్నాది. నా యాభై ఏళ్లలో మాటకారి గుంటల్ని సూసినాను, మాటాపుకున్న గుంటని ఇదే సూడ్డం. ఇల్లు కోడలిది. అత్త ఓడినాది. కోడి కొయ్యండి."

జనం ఈలలు వేశారు. తాతారావు జీపు హారను మోగించాడు. డాలీ ఏం చేస్తున్నదో తెలియకుండానే అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. తెరిసమ్మ ఆ చేతులు విడిపించుకోలేదు. ఒక్క క్షణం అలాగే ఉండి, కోడలి చీరకు అంటుకున్న ఉత్తరేణి గింజలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది.

"ఓడిపోనాను గదా," అంది తీస్తూనే. "వంటిల్లు ఎక్కడ, సూపించు."

కట్టుబాటు ప్రకారం ఆ కోడిని తెరిసమ్మే వండింది. మసాలా నూరేటప్పుడు సోములమ్మ పక్కన కూర్చుని ఏ పురుగుకు ఏ ఆకో చెబుతుంటే, ఆవిడ రెండింటికి ఒప్పుకుని మూడింటికి వాదించింది. ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాచి కిటికీలోంచి బయటికి చూసి, చాలాసేపు ఉప్పు మాట మరిచిపోయింది. పెద్దలు తృప్తిగా తిన్నారు. తన కోడి కూరను పోలయ్య మూడుసార్లు వడ్డించుకుని నష్టం కొంత పూడ్చుకున్నాడు. నతానియేల్ చారు మాత్రమే తాగినా, అందరికన్నా ఆనందంగా ఉన్నాడు.

సాయంత్రం తాతారావు వచ్చి ఆఖరి జీపుకు హారను కొట్టినప్పుడు, తెరిసమ్మ వంటగది కిటికీ దగ్గర నుంచి కదలలేదు.

"నువ్వెల్లిపో బాబూ," అంది. "సోమవారం నా మంచం, ట్రంకుపెట్టె అరకు స్టేషన్లో దిగుతాయి. బొర్రాకి కబురెడతాను, నువ్వు జాగర్తగా పట్టుకురా. ఇంత మంచి ఇల్లు నాకు ముందే సూపిస్తే బొర్రా మాట ఎత్తేదాన్నా?"

ఇల్లు ఎవరిదో భీముడు తేల్చి చెప్పాడు. అందులో ఎంతమంది ఉండాలో అతన్ని ఎవరూ అడగలేదు.